ఒకే డ్రాయింగు, ఒకే స్టీలు, ఒకే రోజు బిగించిన 76 బ్లేడ్లు. ఒక్కటే ఎందుకు పగిలింది?

పిప్పి_పవర్
బొబ్బిలి వైపు చెరకు పిప్పితో నడిచే చిన్న కరెంటు ప్లాంటులో టర్బైన్ చూసుకుంటున్నాను, ఇది ఏడో సీజను. క్రషింగ్ అయిపోయాక ఓవర్‌హాల్‌కి పై కేసింగ్ ఎత్తాం. చివరి నుంచి రెండో వరసలో ఒక బ్లేడుకి, రోటర్ గాడిలో కూర్చునే రూటుకి కాస్త పైన, క్రాక్ దొరికింది. మామూలుగా చూస్తే ఏమీ లేదు. ఎర్ర ద్రవం పూసి, పావుగంట ఆగి, తుడిచి, తెల్ల డెవలపర్ కొట్టాక వెంట్రుకలాంటి ఎర్ర గీత మెల్లగా పైకి తేలింది. పొడవు నా చిటికెన వేలి గోరంత. ఇంకో సీజను నడిపి ఉంటే అది ఊడి పక్కవాటినీ తీసుకుపోయేది.

ఆ వరసలో మొత్తం 76 బ్లేడ్లు. అన్నీ ఒకే డ్రాయింగు, ఒకే స్టీలు, ఒకేసారి బిగించినవి. మిగతా 75కి గీత లేదు. తయారు చేసిన కంపెనీ మనిషి వచ్చి చూసి "ఎంత బాగా చేసినా బ్లేడుకీ బ్లేడుకీ కొంత తేడా ఉంటుందండీ, మీకు ఆ ఒక్కటి తగిలింది, మార్చేస్తే సరి" అన్నాడు. మా పై ఆఫీసరు మాత్రం స్టార్టప్‌లో షిఫ్టువాళ్లు తొందరపడ్డారని రాసివ్వమంటున్నారు. లక్ష గంటల లైఫ్ అని మాన్యువల్‌లో ఉంది, మేం నడిపింది పాతిక వేలు. నేను అడిగేది ఒక్కటే. ఈ "తేడా" అనేది బ్లేడు ఆయుష్షుని నిజంగా నాలుగో వంతుకి దించేస్తుందా, లేక తప్పించుకోవడానికి చెప్పే మాటా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు, తెలిసినవాళ్లు చెప్పండి.

వంశధార_గట్టు
తప్పించుకునే మాట కాదు తమ్ముడూ. మాది నరసన్నపేట, పదకొండేళ్లు గల్ఫ్‌లో గ్యాస్ టర్బైన్ల మీద చేశాను. అక్కడ మొదటి వరస బ్లేడ్ల మీదికి వచ్చే గ్యాస్, బ్లేడు లోహం కరిగే వేడి కన్నా వేడిగా ఉంటుంది. నికెల్ మిశ్రమం 1300 దాటాక కరగడం మొదలుపెడుతుంది, గ్యాస్ 1400, 1500 డిగ్రీలు. బ్లేడు బతికేది దాని కడుపులోంచి పారే గాలి వల్లే. ఆ గాలి బయటికొచ్చే రంధ్రాలు అర మిల్లీమీటరు, అంతకు కాస్త ఎక్కువ. రంధ్రం వ్యాసం 5 శాతం తగ్గితే వైశాల్యం దాదాపు 10 శాతం తగ్గుతుంది, గాలీ అంతే తగ్గుతుంది. లోహం 10, 15 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే చాలు, క్రీప్ ఆయుష్షు సగమైపోతుందని మా పనిలో నోటి లెక్క. 30 పెరిగితే పావు వంతు. కంటికి కనబడని తేడాకి నాలుగో వంతు ఆయుష్షు ఎలా అవుతుందో ఇప్పుడు నువ్వే చూడు.

పలాస_జీడిపప్పు
నాకు టర్బైన్ తెలీదు, ఆసక్తి కొద్దీ చదువుతున్నాను. 900 డిగ్రీల్లో ఉన్నదానికి ఇంకో 15 ఎక్కువైతే సగం ఆయుష్షు పోవడమేంటి? 900 మీద 15 అంటే రెండు శాతం కూడా లేదు కదా.

వంశధార_గట్టు
ఆయుష్షు వేడితో పాటు మెట్టు మెట్టుగా తగ్గదు, జారిపోతుంది. క్రీప్ అంటే వేడిలో ఉన్న లోహం లాగుడుకి కొంచెం కొంచెంగా సాగడం. తిరిగేటప్పుడు బ్లేడుని బయటికి లాగే బలం టన్నుల్లో ఉంటుంది. 1952లో లార్సన్, మిల్లర్ అని ఇద్దరు వేడినీ గంటలనీ కలిపి ఒకే అంకెలోకి తెచ్చిన సూత్రం ఉంది, ఇప్పటికీ అదే వాడతాం. దాని ప్రకారం 900 డిగ్రీల దగ్గర 25 వేల గంటలు నిలిచే ముక్క 915 దగ్గర 12 వేల పైచిలుకు గంటలకే పోతుంది. కావాలంటే కాలిక్యులేటర్ మీద వేసి చూడండి, వేడిని మాత్రం కెల్విన్‌లోకి మార్చాలి.

పలాస_జీడిపప్పు
వేశాను. వచ్చింది. అమ్మో.

సాలూరు_ఘాట్
వంశధార గారు చెప్పిన లెక్కలో తప్పు లేదు, కాని అది ఈ కేసుది కాదు. పిప్పి బాబుది స్టీమ్ టర్బైన్. చివరి నుంచి రెండో వరస దగ్గర స్టీమ్ వంద డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది, తడి మొదలయ్యే చోటు. అక్కడ వాడేది 12, 13 శాతం క్రోమియం ఉన్న స్టీలు. ఆ వేడికి దానికి క్రీప్ అన్న మాటే లేదు. కూలింగ్ రంధ్రాలూ లేవు. గ్యాస్ టర్బైన్ రోగం తెచ్చి దీనికి అంటగడితే మందు తప్పిపోతుంది.

నేను కోరాపుట్ వైపు విమానం ఇంజిన్ల పనిలో 31 ఏళ్లు ఉండి రిటైరయ్యాను. తేడా ఎంత మాట చేస్తుందో చేత్తో చూసినవాణ్ణి. అందుకే అంటున్నాను, తేడా అన్న మాట దగ్గర ఆగిపోకూడదు. దేంట్లో తేడా? కొలతలోనా, లోహంలోనా, బిగింపులోనా, అది పడ్డ కష్టంలోనా? ఈ నాలుగూ వేరు. కంపెనీ మనిషి ఏది అన్నాడు?

పిప్పి_పవర్
ఏదీ చెప్పలేదు గురువుగారూ. "స్కాటర్" అని ఒక్క మాట అన్నాడు, టీ తాగి వెళ్లాడు.

గురజాడ_వీధి
విజయనగరంలో ఎంటెక్ చేస్తున్నాను, నా ప్రాజెక్టు ఇంచుమించు ఇదే. ఒక లెక్క చెప్తాను. ఒక బ్లేడు తొందరగా పోయే అవకాశం నూటికి ఒకటే అనుకోండి. వినడానికి చాలా మంచి బ్లేడు. కాని వరసలో 76 ఉన్నాయి, అన్నీ నిలిస్తేనే మెషీన్ నిలుస్తుంది. 0.99ని 76 సార్లు గుణిస్తే 0.466. అంటే ఆ వరసలో కనీసం ఒక బ్లేడు తొందరగా పోయే అవకాశం నూటికి 53. సగటు బ్లేడు ఆయుష్షు లక్ష గంటలే ఉండొచ్చు, వరస ఆయుష్షు మాత్రం అందులో అన్నిటికన్నా నాసిగా ఉన్నదాని ఆయుష్షే. కంపెనీలు పుస్తకంలో రాసే అంకెకీ మనకి దక్కేదానికీ మధ్య తేడా ఇక్కడే వస్తుంది.

పొందూరు_రాట్నం
పై పోస్టు చదువుతుంటే మా ఇంటి గోడు చదివినట్టుంది. మా అమ్మ వంద నంబరు నూలు వడుకుతుంది. దూదిని వాలుగ చేప దవడతో దువ్వేదే అందుకు, పీచు అంతా ఒకే తీరుగా రావాలని. నూలు ఎంత బలంగా ఉందని ఎవరూ అడగరు, ఎక్కడ సన్నబడిందని అడుగుతారు. మగ్గం మీద తెగేది ఆ సన్నబడ్డ చోటే. బారు పోగులో జానెడు సన్నంగా ఉంటే మిగతా పోగంతా ఎంత బాగున్నా ముడి వేసుకోవాల్సిందే.

గురజాడ_వీధి
అచ్చంగా అదే. ఈ పోలిక నా రిపోర్టులో వాడుకోవచ్చా?

పొందూరు_రాట్నం
వాడుకో అమ్మా. అమ్మకి చెప్తే సంతోషిస్తుంది.

సాలూరు_ఘాట్
గురజాడ అమ్మాయి లెక్క బాగుంది, కాని అందులో ఒక ఊహ ఉంది, అది నాకు నచ్చలేదు. నూటికి ఒకటి అని ప్రతి బ్లేడుకీ విడివిడిగా పాచిక వేసినట్టు లెక్క కట్టావు. వర్క్‌షాపులో పాచిక ఉండదమ్మా. ఒక మూసలో కోర్ (బ్లేడు లోపల ఖాళీ కోసం పెట్టే దిమ్మ) అర మిల్లీమీటరు పక్కకి జరిగితే ఆ బ్యాచ్‌లో పోతపోసిన బ్లేడ్లన్నిటికీ ఒక వైపు గోడ పల్చబడుతుంది. ఒక డ్రిల్లు అరిగితే ఆ రోజు వేసిన రంధ్రాలన్నీ చిన్నవే. తేడా ఎక్కడినుంచో ఒకచోటి నుంచి వస్తుంది, గుంపుగా వస్తుంది.

మేం ప్రతి బ్లేడుకీ కార్డు రాసేవాళ్లం. తూనిక మీద పెడితే బరువు మాత్రమే తెలిసేది కాదు, బరువు ఎంత దూరంలో పడుతోందో కూడా చూసేవాళ్లం. అలా తూచి, బరువైనదానికి ఎదురుగా దాదాపు అంతే బరువున్నది వచ్చేలా చక్రం చుట్టూ సర్దేవాళ్లం. బల్ల మీద బ్లేడ్లు వరసగా పరిచి, ముందు కాగితం మీద సర్ది, తరవాతే డిస్కులో పెట్టేవాళ్లం. ఒక చక్రానికి ఒక పూట పట్టేది. గోడ మందం అల్ట్రాసౌండ్‌తో కొలిచేవాళ్లం. గాలి పారుదల ఒక్కోదానికి బెంచి మీద పెట్టి చూసేవాళ్లం.

వంశధార_గట్టు
గాలి పారుదల సంగతి ఎత్తారు కాబట్టి చెప్తాను. మా సైట్‌లో ఒకసారి కొత్త సెట్టు వేశాం, తొంభై పైచిలుకు బ్లేడ్లు. బోర్‌స్కోప్‌తో (లోపలికి దూర్చి చూసే సన్న కెమెరాతో) చూస్తే మూడు బ్లేడ్లకే కొనల దగ్గర పైపూత లేచిపోయి లోహం ఆక్సీకరణం పట్టింది. తీసి చూస్తే ఆ మూడింటికీ గాలి తక్కువ పారుతోంది. అన్నీ డ్రాయింగు హద్దుల్లోనే ఉన్నాయి, కింది హద్దుకి ఆనుకుని ఉన్నాయి అంతే. ఆ మూడు బ్లేడ్ల కోసం సెట్టు మొత్తం ముందే తీయాల్సి వచ్చింది. మిగతా వాటికి ఇంకా సగం ఆయుష్షు ఉంది.

పలాస_జీడిపప్పు
అయితే తక్కువ పారేవన్నీ ఒక సెట్టుగా, ఎక్కువ పారేవన్నీ ఒక సెట్టుగా ముందే విడదీసి వేయొచ్చు కదా? మేం జీడి పిక్కలు కాల్చే ముందు జల్లెడ పట్టి సైజులు విడదీస్తాం. కలిపి వేస్తే చిన్నవి మాడిపోతాయి, పెద్దవి పచ్చిగా ఉంటాయి, ఎంతసేపు కాల్చాలో ఎవరూ చెప్పలేరు. పప్పు తీశాక కూడా అంతే, పౌనుకి 180 గుళ్లు తూగితే ఒక గ్రేడు, 240 అయితే ఒకటి, 320 అయితే ఒకటి. కలిపేస్తే మొత్తానికి చిన్నదాని రేటే కడతారు.

వంశధార_గట్టు
జీడిపప్పు గారూ, మీరు ఏదో ఆసక్తి కొద్దీ అన్నారు కాని గ్యాస్ టర్బైన్లలో దీనికి మంచి లెక్కే ఉంది. ఒక చక్రంలో బ్లేడ్లన్నీ ఒకే చోట నుంచి గాలి తీసుకుంటాయి. కలగాపులగంగా వేస్తే ప్రతి చక్రంలోనూ ఒకటో రెండో తక్కువ పారేవి పడతాయి, ప్రతి చక్రం ఆయుష్షూ వాటితోనే ముగుస్తుంది. పారుదల కొలిచి విడదీస్తే ఎక్కువ చక్రాల్లో అసలు తక్కువ పారేవే ఉండవు, అవి చాలా కాలం నడుస్తాయి. తక్కువవన్నీ పోగైన చక్రాన్ని వేడి తక్కువగా నడిచే చోట వేయొచ్చు, లేదా ముందే తీసేలా ప్లాన్ చేసుకోవచ్చు. ఒక్క బ్లేడు కొత్తగా చేయనక్కర్లేదు, కొలిచి సర్దడమే.

పలాస_జీడిపప్పు
మా నాన్నకి ఫోన్ చేసి చెప్పాను, విమానాల వాళ్లు కూడా మన జల్లెడే పడుతున్నారని.

గాలిమర_టెక్కలి
నాది టెక్కలి, అనంతపురం జిల్లాలో గాలిమరల మీద పని. మాకు తయారీ తేడా కన్నా గాలి తేడా పెద్దది. బ్లేడు ఫైబర్ గ్లాసు. స్టీలుకి లోడు 10 శాతం పెరిగితే అలసట నష్టం (పదే పదే లోడు పడి బలహీనపడటం) ఒకటిన్నర రెట్ల దాకా పెరుగుతుంది, ఎందుకంటే దాని ఘాతం 3, 4. ఫైబర్ గ్లాసుకి ఘాతం దాదాపు 10. అంటే 1.1ని పదిసార్లు గుణించాలి, 2.6 రెట్లు. అదే 10 శాతానికి! అందుకే సగటు గాలి ఒకటే ఉన్న రెండు చోట్ల, కుదుపు ఎక్కువ ఉన్నచోట బ్లేడు చాలా ముందే అలిసిపోతుంది. డిజైన్ లెక్కల్లో 20 ఏళ్లు నిలవాలని పెట్టి, సెకనుకి 15 మీటర్ల గాలి దగ్గర కుదుపు 16 శాతం ఉంటే ఎ తరగతి, 14 అయితే బి, 12 అయితే సి అని విడదీస్తారు. కొండ అంచున ముందు వరసలో ఉన్న మరకీ, దాని వెనక నీడలో సుడిగాలి తినే మరకీ ఒకే బ్లేడు పెడితే వెనకదే ముందు రిపేరుకి వస్తుంది. నేను తాడు మీద దిగి చూసినవాటిలో ఎక్కువ అంచు అరుగుళ్లు. కొన వేగం గంటకి 280 కిలోమీటర్లు దాటుతుంది, ఆ వేగంలో వాన చినుకు కూడా రాయిలా తగులుతుంది. వేలితో రాస్తే పైపూత పొడిలా రాలుతుంది.

గ్రిడ్_50
రిటైర్డ్ థర్మల్ ఆపరేటర్‌ని, ఇప్పుడు శ్రీకాకుళంలో. పిప్పి_పవర్ గారూ, ఫ్రీక్వెన్సీ సంగతి ఎవరూ అడగలేదేమిటి? తొంభైల్లో మన దక్షిణ గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 48 హెర్ట్జ్ దాకా దిగిపోయేది, రాత్రి లోడు పడిపోతే 51 దాటేది. ఆ రోజుల్లో చివరి వరస బ్లేడ్ల గురించి మాకు ఎంత భయమో. బ్లేడుకి సొంత కంపనం ఉంటుంది, మెషీన్ వేగానికి గుణిజం దానికి దగ్గరైతే బ్లేడు ఊగడం మొదలుపెడుతుంది. 1924లో క్యాంప్‌బెల్ వేసిన చార్టు అందుకే ఇప్పటికీ ప్రతి మాన్యువల్‌లో ఉంటుంది. 2003 జనవరిలో మన దగ్గర కొత్త టారిఫ్ పద్ధతి వచ్చాక ఫ్రీక్వెన్సీ దారికొచ్చింది, తరవాత తరవాత 49.90 నుంచి 50.05 మధ్యకి బిగించారు. మీరు గ్రిడ్‌తో కలిపి నడుపుతారా, విడిగానా?

పిప్పి_పవర్
గ్రిడ్‌తోనే సార్. గ్రిడ్ పోతే మిల్లు లోడు మీద ఐలాండ్‌లో నడుస్తుంది, ఏడాదికి పట్టుమని పది గంటలు కూడా ఉండదు. లాగ్ తీసి చూశాను, ఐలాండ్‌లో కూడా 49.2 కన్నా కిందికి పోలేదు.

గురజాడ_వీధి
కంపనం విషయంలో తేడాకి ఇంకో ముఖం ఉంది. 76 బ్లేడ్లూ ఒకే ఫ్రీక్వెన్సీలో ఉంటే ఊపు అందరికీ సమానంగా పంచుకుంటాయి. ఒకటి రెండు శాతం తేడాలుంటే ఊపు శక్తి అంతా ఒకటి రెండు బ్లేడ్ల దగ్గర పోగుపడొచ్చు. 1966లో వైట్‌హెడ్ అనే ఆయన దీనికి పై హద్దు లెక్క కట్టాడు, బ్లేడ్ల సంఖ్య వర్గమూలానికి ఒకటి కలిపి రెండుతో భాగించాలి. 76కి అది 4.9 వస్తుంది. అంటే సిద్ధాంతం ప్రకారం ఒక్క బ్లేడు మామూలుకన్నా దాదాపు అయిదు రెట్లు ఊగొచ్చు. నిజంలో అంత రాదు, కాని రెండు రెట్లు వచ్చినా అలసటకి చాలు. నాకైతే ఈ కేసు అదే అనిపిస్తోంది.

వంశధార_గట్టు
నాకూ అదే. అంటే కంపెనీ మనిషి మాట నిజమే.

సాలూరు_ఘాట్
తొందరపడకండి. ఊపు వల్లే అయితే బ్లేడ్లని ఒకదానితో ఒకటి కలిపే లేసింగ్ వైరు దగ్గరో, వాటి కొనలు కలిపే పైపట్టీ దగ్గరో రాపిడి గుర్తులు ఉండాలి. బాబూ, నాలుగు ప్రశ్నలు. ఆ బ్లేడు నంబరు ఎంత? అది చివర తాళం వేసి బిగించే బ్లేడా? లేసింగ్ వైరు బిగుతుగా ఉందా? అన్నిటికన్నా ముఖ్యం, సీజను అయిపోయాక ఆరేడు నెలలు రోటర్‌ని ఎలా ఉంచుతారు?

పిప్పి_పవర్
38వ బ్లేడు. తాళం బ్లేడు కాదు, అది 1వ నంబరు పక్కన పై వైపు ఉంటుంది. లేసింగ్ వైరు బాగుంది, రాపిడి లేదు. ఆఫ్ సీజన్‌లో బారింగ్ గేర్ (రోటర్‌ని మెల్లగా తిప్పే గేర్) ఆపేసి, కప్లింగ్ అలైన్‌మెంట్ చూడడానికి షాఫ్ట్ మీద సున్నా గుర్తు పైకి తెచ్చి వదిలేస్తాం. ఏడేళ్లుగా అదే అలవాటు, నా ముందువాళ్లు నేర్పిందే. ఎందుకు అడుగుతున్నారు?

సాలూరు_ఘాట్
సున్నా గుర్తు పైకి ఉంటే 1వ బ్లేడు ఎక్కడుంటుంది?

పిప్పి_పవర్
పైనే. సున్నా గుర్తుకి ఎదురుగానే నంబర్లు మొదలవుతాయి.

...

ఒక్క నిమిషం. అంటే 39వది అడుగున ఉంటుంది. 38 దాని పక్కనే.

సాలూరు_ఘాట్
అదే నేను అడగాలనుకున్నది. ఆఫ్ సీజన్ అంటే మే నుంచి అక్టోబరు దాకా, మొత్తం వానాకాలం. మీ మెయిన్ స్టీమ్ వాల్వో, గ్లాండ్ స్టీమ్ (షాఫ్ట్ చుట్టూ సందు మూయడానికి పంపే ఆవిరి) వాల్వో మూసినా కాస్త పాస్ అవుతుంటే, అంటే ఆవిరి కారుతుంటే, లేదా బయటి తేమే లోపలికి పోతుంటే, చల్లబడ్డ ఇనుము మీద నీరు చెమటలా పడుతుంది. ఆ నీరు ఎక్కడ చేరుతుంది? అడుగున. తడి మొదలయ్యే వరసలో సీజను అంతా బ్లేడ్ల మీద సన్నగా ఉప్పు పేరుకుంటుంది. స్టీమ్‌లో క్లోరైడ్ ఎంత కొంచెం ఉన్నా మొదటి చినుకుల్లోకి అది అనేక రెట్లు చేరుతుంది. ఆ ఉప్పూ నీరూ గాలీ కలిస్తే 13 శాతం క్రోమియం స్టీలుకి కూడా గుంతలు పడతాయి, ఆవగింజంత గుంతలు. మరుసటి సీజన్లో తిరిగేటప్పుడు క్రాక్ ఆ గుంత అడుగు నుంచే మొదలవుతుంది.

వెళ్లి 34 నుంచి 44 వరకు రూటు దగ్గర బాగా తుడిచి, భూతద్దం పెట్టి చూడు. తరవాత 1 నుంచి 6 వరకు చూడు. ఆ వరస కింద కేసింగ్‌లో డ్రెయిన్ రంధ్రం ఉంటుంది, అందులో తీగ దూర్చి చూడు.

గ్రిడ్_50
మా ప్లాంటులో నెలల తరబడి ఆపితే ఎండు గాలి ఊదేవాళ్లం, లోపల తేమ 40 శాతం లోపు ఉండాలని రూలు. చిన్న ప్లాంట్లలో ఇది ఎవరూ పట్టించుకోరు. నడిచేటప్పుడు అరిగేది అందరికీ తెలుసు. ఆగి ఉన్నప్పుడు అరుగుతుందని ఎవరూ నమ్మరు.

గురజాడ_వీధి
నేను ఇంత ఆలోచించలేదు. నా మోడల్‌లో బ్లేడు స్థానం అన్న కాలమే లేదు. అన్ని బ్లేడ్లకీ ఒకే కష్టం, లోహంలో మాత్రమే తేడా అని పెట్టుకున్నాను.

సాలూరు_ఘాట్
అందులో చిన్నబుచ్చుకోవడానికి ఏమీ లేదమ్మా. మేం చేసింది కొత్తవాటి లెక్క, తయారీ తేడా మాత్రమే ఉంటుంది. పని మొదలుపెట్టిన రోజు నుంచి చోటు తేడా తోడవుతుంది. పాతబడేకొద్దీ రెండోదే పెద్దదవుతుంది.

పిప్పి_పవర్
నాలుగు రోజుల తరవాత వస్తున్నాను, తిండి కూడా అక్కడే.

34 నుంచి 43 వరకు గుంతలున్నాయి. 38, 39, 40కి దట్టంగా, అటూ ఇటూ పోయేకొద్దీ పల్చగా. 1 నుంచి 6 వరకు నునుపుగా ఉన్నాయి, అద్దంలా కాదుగాని గుంత ఒక్కటీ లేదు. డ్రెయిన్ రంధ్రంలో తీగ దూర్చితే అంగుళం కూడా పోలేదు, గట్టి మట్టిలా బూడిద రంగు పొక్కులు బయటికొచ్చాయి. గ్లాండ్ స్టీమ్ వాల్వ్ సీటు కూడా తెగి ఉంది, మూసినా పాస్ అవుతోంది. దాని మీద చెయ్యి పెడితే బాయిలర్ ఆపిన మూడో రోజు కూడా వెచ్చగా ఉండేదని హెల్పర్ ఇప్పుడు చెప్తున్నాడు, ఎవరూ అడగలేదని ఇన్నాళ్లూ చెప్పలేదట.

ఆ గుంతలున్న పదింటికీ మళ్లీ ఎర్ర ద్రవం టెస్టు చేశాం, ఈసారి గుంతల్లోంచి ఉప్పు బాగా కడిగాక. 39కి కూడా సన్న గీత ఉంది. మొదటిసారి ఉప్పు మూసేసి ఉండటం వల్ల కనబడలేదు. ఆ రోజే 38 ఒక్కటి మార్చేసి కేసింగ్ మూసి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తోంది.

వంశధార_గట్టు
తమ్ముడూ, నేను తప్పు. నా మాట విని నువ్వు మూయనందుకు దేవుడికి దండం పెడుతున్నాను. ఆ కంపెనీ మనిషిని మళ్లీ పిలిచి పది బ్లేడ్లూ చూపించు. స్టార్టప్ తొందర అన్న మాట కూడా ఇంక నిలవదు, స్టార్టప్ వల్ల అయితే చక్రమంతా దెబ్బతినాలి, అడుగున ఉన్నవి మాత్రమే కాదు.

పిప్పి_పవర్
రిపోర్టులో అదే రాశాను అన్నా. బ్లేడ్ల బొమ్మ గీసి ప్రతి నంబరు దగ్గరా గుంతలు ఎన్నో రాశాను, అడుగున ఎర్రగా, పైన తెల్లగా రంగు వేశాను. పై ఆఫీసరు కాసేపు చూసి సంతకం పెట్టారు. పది బ్లేడ్లూ మార్చడానికి ఆర్డరు పోయింది. వాల్వ్ సీటు మార్చాం, డ్రెయిన్ తెరిచాం. ఈ ఆఫ్ సీజన్ నుంచి ఎండు గాలి మెషీన్ అద్దెకి తెస్తున్నాం, వారానికోసారి రోటర్‌ని పావు చుట్టు తిప్పి ఎక్కడ ఆపామో లాగ్‌లో రాయాలని బోర్డు పెట్టాను. అలైన్‌మెంట్ చూసే రోజు ఒక్కటే సున్నా గుర్తు పైకి.

గ్రిడ్_50
పావు చుట్టు తిప్పితే నాలుగు చోట్లే అవుతుంది. పావు కన్నా కొంచెం ఎక్కువ తిప్పండి, ప్రతిసారీ కొత్త చోటు అడుగుకి వస్తుంది.

పిప్పి_పవర్
నిజమే సార్. బోర్డు మార్పిస్తాను.

గాలిమర_టెక్కలి
కొత్త బ్లేడ్లు పది పాత 66 మధ్యలో పడతాయి కదా, ఫ్రీక్వెన్సీ తేడా రాదా? గురజాడ గారు చెప్పిన ఊపు సంగతి ఇప్పుడు వర్తిస్తుందేమో.

సాలూరు_ఘాట్
మంచి ప్రశ్న. బిగించే ముందు ఒక్కో కొత్త బ్లేడుని రూటు దగ్గర గట్టిగా పట్టి, చిన్న సుత్తితో తట్టి మోగే ఫ్రీక్వెన్సీ రాసుకో బాబూ, ఫోన్‌లో యాప్‌తో కూడా వస్తుంది, పట్టు మాత్రం ప్రతిసారీ ఒకేలా ఉండాలి. బిగించాక పాతవాటితో కలిపి ఇంకోసారి. బరువులు తూచు. తూచి, బరువైనవి ఒక పక్కకి పోగుపడకుండా సర్దించు. కొత్తది కదా అని కొలవకుండా పెట్టొద్దు.

గురజాడ_వీధి
పిప్పి_పవర్ గారూ, పది బ్లేడ్ల గుంతల లెక్క, వీలైతే లోతులు కూడా నాకు ఇస్తారా? మా గైడ్ గారికి ఈ చర్చ చూపించాను. స్థానం అన్న కాలమ్ పెట్టి మోడల్ మళ్లీ రాయమన్నారు.

పిప్పి_పవర్
ఇస్తాను చెల్లెమ్మా. లోతు కొలవడానికి సూదిమొన గేజీ ఉంది, ఆదివారం కూర్చుని మొత్తం తీస్తాను. 38నీ 39నీ పారేయకుండా గుడ్డలో చుట్టి నా బీరువాలో పెట్టాను.

సాలూరు_ఘాట్
వాటిని కోసే ముందు నాకు ఒక మాట చెప్పు. క్రాక్‌ని తెరిచి చూస్తే, అల వెనక్కి పోయాక ఇసుక మీద మిగిలే గీతల్లాంటివి కనబడతాయి, ఆగినప్పుడల్లా ఒక్కో గీత పడే అవకాశం ఉంది. అది ఎన్ని సీజన్లుగా పెరుగుతోందో వాటిని బట్టి అంచనా కట్టొచ్చు. కోత మాత్రం క్రాక్‌కి దూరంగా, నీళ్లు పోస్తూ, నెమ్మదిగా పెట్టాలి. బొబ్బిలి ఎంతో దూరం లేదు, ఏ రోజో చెప్తే పొద్దున్నే బస్సెక్కి వస్తాను.